ఆపరేషన్ అయింది, కాలినొప్పి మళ్లీ వచ్చింది... రెండోసారి కోయించుకోవాలా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

వయసు నలభై మూడు. ఆఫీసులో లెక్కలు చూసే పని, రోజంతా కుర్చీలోనే. నడుం అడుగున ఎల్5-ఎస్1 అనే పూసల జోడు మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి ఎడమకాలి నరాన్ని నొక్కింది. మందులు, విశ్రాంతి, ఫిజియోథెరపీ అంటూ ఎనిమిది నెలలు లాగి, చివరికి పద్దెనిమిది నెలల కిందట, జారిన ముక్కని చిన్న కోతతో తీసేసే మైక్రోడిస్కెక్టమీ చేయించుకున్నారు. మత్తు దిగేసరికి కాలినొప్పి మాయం. "ఆ రోజు సంతోషంతో ఏడ్చేశాను" అని రాశారు. ఐదు నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు నీళ్ల బకెట్ ఎత్తబోతే పిరుదులోంచి పిక్క దాకా జివ్వుమంది. నాలుగు రోజులకి తగ్గింది, నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది. అప్పటినుంచి వస్తూ పోతూనే ఉంది. ఎడమ పాదం బయటి అంచు, చిటికెనవేలు మొద్దుబారి ఉంటాయి. రాత్రిళ్లు దుప్పటి అంచు తగిలినా అక్కడ మంట. రెండింటికి లేచి మంచం అంచున కూర్చుని, చల్లటి నేల మీద పాదం నొక్కి పెట్టుకుంటారట.

కాంట్రాస్టు మందు ఎక్కించి మళ్లీ తీసిన ఎమ్మారైలో "నరం చుట్టూ మచ్చ కణజాలం, డిస్కు స్వల్పంగా ఉబ్బింది" అని వచ్చింది. ఆపరేషన్ చేసిన సర్జన్ మళ్లీ తెరిచి రాడ్లు, స్క్రూలు వేద్దామన్నారు. ఇంకో డాక్టరు "జీవితాంతం ఇంతే, అలవాటు చేసుకోండి" అన్నారు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ వేసుకుంటే మగతగా ఉండి లెక్కల్లో తప్పులు వస్తున్నాయి. అందుకని బాగున్న రోజుల్లో మానేసి, నొప్పి ఉన్న రోజుల్లో వేసుకుంటున్నారు. బాగున్న రోజున పెండింగు పనులన్నీ ముగించేస్తారు, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగరు. కింద పడ్డ పెన్ను కూడా పదిహేనేళ్ల కూతురే తీసివ్వాలి. భర్త మంచివాడే, కానీ "ఆపరేషన్ అయిపోయిందిగా, రిపోర్టులో కూడా పెద్దగా ఏమీ లేదుగా" అంటున్నారు. "బకెట్ ఎత్తడం నా తప్పేనా? రెండో ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా? ఉద్యోగం మానేయాలా? అసలు ఈ నొప్పి నిజమేనా, నా భ్రమా అని నాకే అనుమానం వస్తోంది" అన్నది ఆమె గోడు.

జవాబు:

మీ ప్రశ్నల కంటే ముందు, మీరు రాయని ఒక సంగతి. కూర్చుంటే కుర్చీకి ఆనే చోట, మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మల విసర్జన మీద అదుపు తప్పడం, నొప్పి రెండు కాళ్లలోకీ పాకడం, పాదం ఉన్నట్టుండి వేలాడిపోవడం, నడుంనొప్పితో పాటు జ్వరం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, ఆ గంటకే అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవేవీ లేకపోతే మీ మీద తొందర లేదు. ఈ మాట రెండోసారి చెబుతున్నాననుకోండి: తొందర లేదు. మీకు వచ్చిన సలహాలు రెండూ వెంటనే ఏదో ఒకటి తేల్చుకోవాలన్నట్టు ఉన్నాయి, మిమ్మల్ని ఎక్కువగా నలిపేస్తున్నది అదేననిపిస్తోంది.

ఇప్పుడు మీ చివరి అనుమానం. ఇది భ్రమ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో, వెన్ను ఆపరేషన్ తర్వాత మిగిలిపోయే లేదా తిరిగొచ్చే దీర్ఘకాలిక నొప్పికి విడిగా ఒక పద్దే ఉంది. పైగా మీరు చెప్పిన చోటు చూడండి. పాదం బయటి అంచు, చిటికెనవేలు, పిక్క వెనక భాగం. ఎల్5-ఎస్1 దగ్గర నలిగే ఎస్1 నరం పోయే దారి సరిగ్గా అదే. ఊహించుకున్న నొప్పి శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం చూసి చోటు ఎంచుకోదు.

బకెట్ సంగతి. ఆపరేషన్‌లో జారిన ముక్కని తీసేస్తారు కానీ, అది బయటికొచ్చిన చిల్లు డిస్కు గోడలో ఉండనే ఉంటుంది. అందుకే ఈ ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అదే చోట డిస్కు మళ్లీ జారుతుందని వైద్యులు ముందే చెబుతారు. కొందరికి తుమ్మితే జారుతుంది, కొందరికి ఏ కారణమూ కనబడదు. ఫిన్లండ్‌లో కవలల వెన్నులను పోల్చి చూసిన పరిశోధకులకి, డిస్కులు అరగడంలో చేసే పని కన్నా వంశపారంపర్యం పాలే చాలా ఎక్కువని తేలింది. ఐదు నెలలు దాటాక నీళ్ల బకెట్ ఎత్తడం నేరమేమీ కాదు. అసలు ఆ రోజు డిస్కు జారిందని కూడా ఎవరూ తేల్చలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన చోటు ఇదే. జివ్వుమన్న ప్రతిసారీ "మళ్లీ జారిందేమో" అనుకున్నానని రాశారు. నొప్పి తిరిగి రావడం ఒకటి, దెబ్బ తిరిగి తగలడం ఇంకొకటి. రెండూ ఒకటే అనుకుంటే ప్రతి నొప్పికీ ఆపరేషనే సమాధానంలా కనబడుతుంది, ప్రతి కదలికా ప్రమాదంలా అనిపిస్తుంది. మీ విషయంలో ఈ నొప్పి ఎక్కణ్నించి పుడుతోందన్నది ముందు తేలాలి. అలా పుట్టడానికి నాలుగు కారణాలు ఉండొచ్చు.

మొదటిది డిస్కు మళ్లీ జారి నరాన్ని నొక్కడం. రెండోది ఆపరేషన్ చోట ఏర్పడే మచ్చ నరాన్ని చుట్టుకుని, కాలు కదిలించినప్పుడు అది జరగాల్సినంత జరగనివ్వకపోవడం. మూడోది నరమే దెబ్బతిని ఉండటం. ఆపరేషన్‌కి ముందు ఎనిమిది నెలలు అది నలిగింది. తలుపు సందులో నలిగిన వేలు, తలుపు తీసేశాక కూడా కొన్నాళ్లు ముట్టుకోనివ్వదు కదా, నరమూ అంతే. దాని మీది ఒత్తిడి తీసేయడం వరకే సర్జన్ చేతిలో ఉంటుంది, మానడం నరం పని. దెబ్బతిన్న నరం పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. నడుం నుంచి పాదం దాకా దాదాపు మీటరు దూరం. లెక్కలు మీకు నాకంటే బాగా వచ్చు. ఈలోగా ఆ నరమూ, దాని సంకేతాలు అందుకునే వెన్నుపామూ అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. దుప్పటి తగిలితే మంట పుట్టడం దీని గుర్తే. దుప్పటి డిస్కుని నొక్కదు! ఇక నాలుగోది, తుంటి కీలు, నడుం అడుగున కటి ఎముకల కీలు, మధుమేహం, బి12 లోపం వంటివి కలిసి నొప్పిని పెంచడం. మామూలు పరీక్షలతో తేలేవి కాబట్టి ఇవి చేయించారా అని ఒకసారి అడగండి, చాలు.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అనుభవమున్న డాక్టరు ఎమ్మారై కన్నా ముందు కాలక్రమం అడుగుతారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరోజు కూడా తగ్గకపోతే, వేరే చోట చేశారా, రోగనిర్ధారణ సరైనదేనా అని చూస్తారు. కొన్ని నెలలు బాగుండి మెల్లమెల్లగా తిరిగొస్తే మచ్చని అనుమానిస్తారు. చాలాకాలం బాగుండి ఒక్కసారిగా, మొదటిసారి ఎలా వచ్చిందో అలాగే వస్తే డిస్కుని అనుమానిస్తారు. మీది ఈ రెండిటి మధ్యా ఉంది. మొదలు ఒక్కసారిగానే, కానీ నాలుగు రోజుల్లో తగ్గింది, ఆ తర్వాత వస్తూ పోతూ ఉంది. పెద్ద ముక్క కూర్చుని నొక్కుతుంటే ఇలా వచ్చిపోవడం తక్కువ. ఇది నా ఊహే. మిమ్మల్ని పడుకోబెట్టి, కాలెత్తి చూసి, మడమ దగ్గర సుత్తితో తట్టి చూసిన డాక్టరు మాట దీనికంటే విలువైనది.

రిపోర్టు సంగతి కూడా చెబుతాను, మీ ఆయన మాట అక్కడి నుంచే వచ్చింది కనుక. ఏ నొప్పీ లేని మూడు వేల పైచిలుకు మంది స్కానులని కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి డిస్కు ఉబ్బి ఉంది, ఒక్కరికీ నొప్పి లేదు. మచ్చ కూడా ఆపరేషన్ అయిన ప్రతివాళ్లకీ ఎంతో కొంత ఏర్పడుతుంది. అది ఎంత ఉంటే నొప్పి అంత అన్న లెక్క కుదరదు. అంటే "రిపోర్టులో పెద్దగా లేదు కాబట్టి నొప్పి లేదు" అన్నది ఎంత తప్పో, "రిపోర్టులో మచ్చ ఉంది కాబట్టి కోయాలి" అన్నదీ అంతే తప్పు.

ఇంట్లోనే ఒక పని చేయండి. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ ఊతగా పట్టుకుని, ఎడమకాలి మీద మాత్రమే నిలబడి మడమ పైకెత్తండి. ఎన్నిసార్లు ఎత్తగలిగారో, కుడికాలితో ఎన్నిసార్లో రాసుకోండి. తేలిగ్గా ఉన్న రోజున, వారానికి ఒకసారి చాలు. మడమెత్తే పిక్క కండరాన్ని నడిపేది ఆ ఎస్1 నరమే. అంకె నిలకడగా ఉంటే, నొప్పి ఎంత ఉన్నా నరం బలం నిలిచే ఉందని ధైర్యంగా ఉండొచ్చు. వారం వారం పడిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా సర్జన్‌ని కలవండి. నొప్పి పెరిగితే ఆగి ఆలోచించవచ్చు, బలం తగ్గుతుంటే ఆగకూడదు.

ఇక ఆపరేషన్. మళ్లీ జారిన డిస్కు స్పష్టంగా కనబడుతూ, అది నొక్కే నరమూ మీ నొప్పి దారీ ఒకటే అయినప్పుడు, రెండోసారి చేసే డిస్కెక్టమీ చాలామందికి బాగానే పనిచేస్తుంది. మచ్చ ఒక్కటే కారణమైతే కథ వేరు. దాన్ని గోకి తీసేస్తే ఆ గాయం మళ్లీ మచ్చగానే మానుతుంది. మచ్చలో కూరుకున్న నరం పొర చిరిగే ప్రమాదం కూడా మొదటిసారి కన్నా ఎక్కువ. రాడ్లు, స్క్రూలు వేసి పూసలని అతికించడం ఇంకో రకం ఆపరేషన్. పూస ముందుకి జారినా, వంగినప్పుడు లేచినప్పుడు అతిగా కదులుతున్నా, డిస్కు పదేపదే జారుతున్నా దానికి అర్థముంది. ఎముక అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అతికిన పూస కదలదు కాబట్టి ఆ పని దాని పైదాని మీద పడి, కొందరికి కొన్నేళ్లకి అక్కడ ఇబ్బంది మొదలవుతుంది. మీ ఉత్తరంలో నడుంనొప్పి మాటే దాదాపు లేదు, బాధంతా కాలిదే. కాబట్టి ఆ సర్జన్‌ని సూటిగా అడగండి: "మీరు స్క్రూలు వేసేది నా నడుం కోసమా, కాలి కోసమా? నా పూస కదులుతోందని దేన్నిబట్టి అంటున్నారు, వంగి, వెనక్కి వాలి ఎక్స్‌రే తీశారా? ఈ ఆపరేషన్‌తో పాదం మంట పోతుందని మీరు ఎంతవరకు నమ్ముతున్నారు?" మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే అదీ ఒక సమాధానమే.

చేయించుకుంటే ఏమవుతుందో ఒకవైపు చెప్పాను. చేయించుకోకపోతే? బలం నిలకడగా ఉండి, నేను మొదట చెప్పిన ప్రమాద సూచనలు లేనంతకాలం, ఆగడం వల్ల నరానికి కొత్తగా నష్టం జరిగే అవకాశం తక్కువ. జారిన డిస్కు ముక్కలు చాలావరకు కాలక్రమంలో వాటంతట అవే కుంచించుకుపోతాయి కూడా. నష్టమల్లా, ఆగిన ఆ కాలాన్ని మంచం మీద గడిపేస్తే వస్తుంది.

ఈ రెండిటి మధ్య ఇంజెక్షన్ ఒకటుంది. నరం బయటికొచ్చే సందులోకి, తెర మీద చూస్తూ స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇస్తారు. పనిచేస్తే కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఊరట. శాశ్వత చికిత్స కాదు. మచ్చ గట్టిగా ఉంటే మందు అందాల్సిన చోటికి అందకపోవచ్చు. మధుమేహం ఉంటే కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది. అయినా నాకు ఇందులో నచ్చేది వేరే ఉంది. ఫలానా నరాన్ని మొద్దుబార్చగానే మీ కాలినొప్పి కొన్ని గంటలు పూర్తిగా పోయిందంటే, దోషి ఎవరో తెలిసినట్టే. ఆ రోజు గంట గంటకీ నొప్పి ఎలా ఉందో రాసి పెట్టుకోండి. ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

వెన్నుపాము దగ్గర తీగ అమర్చి సన్నటి కరెంటు పంపే స్టిమ్యులేటర్ గురించి కూడా ఎవరో చెప్పారని రాశారు. 1967 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఆపరేషన్ తర్వాత కాలినొప్పి మిగిలిన 100 మందితో చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలలకి నొప్పి సగానికి సగం తగ్గినవాళ్లు స్టిమ్యులేటర్ పెట్టినవారిలో నూటికి 48 మంది, పెట్టనివారిలో 9 మంది. అయితే 2022లో నార్వే వైద్యులు, 50 మందికి ఒక కొత్త రకం కరెంటుతో ఇదే అమర్చి, ఎప్పుడు ఆన్ చేశారో ఎప్పుడు ఆపేశారో తెలియనీయకుండా చూస్తే తేడా కనబడలేదు. ఇది ఖరీదైన పరికరం, తీగ జరగవచ్చు, మళ్లీ మళ్లీ సరిచేయించుకోవాల్సి రావచ్చు. ముందు తాత్కాలికంగా కొన్ని రోజులు పెట్టి చూస్తారు, అది మంచి నియమం. మీ విషయంలో ఇది ఇప్పటి మాట కాదు. మిగతావన్నీ అయ్యాక, అప్పటికీ కాలు బతుకనివ్వకపోతే.

మందుల విషయంలో మీరు చేస్తున్నది మాత్రం నాకు నచ్చలేదు, చెప్పక తప్పదు. ప్రీగాబాలిన్ తలనొప్పి మాత్రలాంటిది కాదు. ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తే మగత మాత్రం మొత్తంగా దక్కుతుంది, గుణం దక్కదు. ఎక్కువ మోతాదులో ఉండి హఠాత్తుగా ఆపితే నిద్రలేమి, వికారం, చెమటలు, ఆందోళన వస్తాయి. ఆ రోజు మీకు నొప్పి పెరిగినట్టనిపించడంలో వాటి పాలు ఎంతో ఎవరు చెప్పగలరు! మీ ముందు మూడు దారులున్నాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఎక్కువ భాగం రాత్రికి మార్చి, నాలుగు నుంచి ఆరు వారాలు తప్పకుండా వాడి చూడటం ఒకటి. మగత చాలామందికి మొదటి వారాల్లోనే తగ్గుతుంది, అయితే బరువు పెరగడం, పాదాల వాపు రావచ్చు. డాక్టరుతో మాట్లాడి డులోక్సెటిన్‌కో, రాత్రిపూట చిన్న మోతాదు ఎమిట్రిప్టిలిన్‌కో మారడం రెండోది. ఎమిట్రిప్టిలిన్ నిద్రకి సాయం చేస్తుంది కానీ నోరెండిపోతుంది. డులోక్సెటిన్‌తో మగత తక్కువ, మొదట కొన్నాళ్లు వికారం. మూడోది మందు నెమ్మదిగా తగ్గించి మానేయడం. ఇదీ తప్పేమీ కాదు. 2017లో ప్రచురించిన ఆస్ట్రేలియా పరిశోధనలో, సయాటికా (నరం నలిగి వచ్చే కాలినొప్పి) ఉన్న 209 మందిలో కొందరికి ప్రీగాబాలిన్, మిగతావాళ్లకి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఉత్తి మాత్ర కన్నా మెరుగేమీ రాలేదు. అది ఎక్కువగా కొత్త నొప్పి ఉన్నవాళ్ల సంగతి, మీలాంటి నరం మంటకి కొందరికి బాగా పనిచేస్తుంది. పనిచేస్తుందో లేదో తెలియాలంటే సక్రమంగా వాడాలి, లేదా సక్రమంగా ఆపాలి. ఏ దారైనా ఆ మందు రాసిన డాక్టరుకి చెప్పి, ఆయన చెప్పిన లెక్కలోనే. నొప్పి ఎక్కువైన రాత్రి ట్రామడాల్ లాంటి బలమైన నొప్పి మందులు మీ అంతట మీరు కలపకండి. ప్రీగాబాలిన్‌తో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది. డులోక్సెటిన్‌తోనూ ట్రామడాల్‌కి పడదు.

అన్నిటికన్నా ఎక్కువగా మీ చేతిలో ఉన్నది, బాగున్న రోజుని మీరు ఖర్చుపెట్టే తీరు. బాగుందని ఉదయం నుంచీ ఒకే బిగిన పని, మర్నాడు మంచం. ఇలా నెలలు గడిస్తే బాగున్న రోజులు తగ్గిపోతాయి, కండరం కరిగిపోతుంది, పైగా పనికీ నొప్పికీ ముడి పడిపోతుంది. లేవాల్సిన సమయం నొప్పి చెప్పకూడదు, గడియారం చెప్పాలి. బాగాలేని రోజున కూడా ఎన్ని నిమిషాలు ఇబ్బంది లేకుండా కూర్చోగలరో చూడండి. ఇరవై అనుకుందాం. పదహారుకే లేవండి, బాగున్న రోజున కూడా! ఇదే కష్టం, ఎవరికీ ఒంటబట్టదు. పనిలో ఊపు వచ్చినప్పుడే అలారం మోగుతుంది, ఇంకో వరస లెక్క చూసి లేద్దామనిపిస్తుంది. లేచి రెండు నిమిషాలు తిరిగి రండి. వారం నిలకడగా గడిస్తే ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నడకా అంతే. రోజుకి ఒక పెద్ద నడక కాకుండా నాలుగు చిన్న నడకలు.

కాలి వెనక బిగుసుకుందని దాన్ని పట్టి సాగదీస్తున్నారని రాశారు. ఆపేయండి. అక్కడ బిగుసుకున్నట్టనిపించేది చాలాసార్లు నరం, నరానికి లాగుడు పడదు. దానికి కావలసింది మెల్లగా జారడం. కుర్చీలో కూర్చుని, ఎడమ మోకాలు మెల్లగా చాచుతూ అదే సమయంలో తల పైకెత్తి కప్పు వైపు చూడాలి. కాలు దించుతూ తల కిందికి దించాలి. ఒక కొస లాగేటప్పుడు రెండో కొస వదులవుతుంది కాబట్టి నరం సాగకుండా జారుతుంది. మొదట ఐదారుసార్లు, జివ్వుమనే చోటికి రాకుండానే ఆగాలి. చేశాక కాలినొప్పి గంటసేపు వేలాడితే అది మీకు ఎక్కువైనట్టే. మొదటిసారి ఫిజియోథెరపిస్టు ఎదుట చేయడం మంచిది.

రాత్రి మంటకి కూడా అభ్యాసం ఉంది. పగలు, తీరిగ్గా ఉన్నప్పుడు, పాదం బయటి అంచుని మెత్తటి నూలుగుడ్డతో రెండు నిమిషాలు తుడవండి. అలవాటయ్యాక కాస్త గరుకు గుడ్డ. దుప్పటి స్పర్శని శత్రువుగా చూడటం మానమని నరానికి మెల్లగా చెప్పడమిది. పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. చల్లటి నేల మీద పాదం ఆనించడం తప్పేమీ కాదు, నరం మంటకి చాలామంది చేసేదే. వేడి నీళ్ల సంచి మాత్రం ఆ పాదానికి వద్దు. మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి తెలియదు. పడుకునే ముందు ఆ అంచుని ఒకసారి కంటితో చూసుకోండి, చెప్పు ఒరుసుకున్నా తెలిసి ఉండదు.

పెన్ను. ఇక మీదట మీ అమ్మాయిని తియ్యనివ్వకండి. పద్దెనిమిది నెలల కిందటి ఆపరేషన్ గాయం ఎప్పుడో మానింది, వంగడం నిషేధం కాదు. ముందు బల్ల మీది వస్తువు, తర్వాత కుర్చీ ఎత్తులోది, తర్వాత మోకాళ్లు మడిచి నేల మీది పెన్ను. బకెట్ చివర్లో, అదీ సగం నీళ్లతో. మధ్యలో ఒకసారి జివ్వుమనవచ్చు. అప్పుడేం చేయాలో ఇవాళే కాగితం మీద రాసుకోండి: ప్రమాద సూచనలు ఉన్నాయా చూడటం, మడమెత్తి చూడటం, రెండు మూడు రోజులు పనులు సగానికి తగ్గించడం, నడక మాత్రం మానకపోవడం. రాత్రి రెండింటికి బుర్ర పనిచేయదు, కాగితం పనిచేస్తుంది.

ఉద్యోగం మానేస్తే మొదటి నెల ప్రాణం తేలికపడుతుంది, అది నిజం. తర్వాత రోజంతా ఇంట్లో మీరూ, కాలూ మిగులుతారు. దీర్ఘకాలిక నొప్పితో పని మానేసినవాళ్లకి, ఎంత ఎక్కువకాలం దూరంగా ఉంటే తిరిగి వెళ్లడం అంత కష్టమవుతుంది. అలాగని ఇప్పుడున్నట్టే ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చోమనీ అనను. నిలబడి పనిచేసే ఎత్తు బల్ల, మధ్యలో లేచే వెసులుబాటు, కొన్నాళ్లు సగం రోజు, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని. డాక్టరు రాసిచ్చిన కాగితంతో వీటిని అడగండి. ఇవేవీ ఒప్పుకోకపోతే అప్పుడు దీర్ఘ సెలవు. రాజీనామా ఆ తర్వాతి మాట, అదీ నొప్పి ఎక్కువగా ఉన్న వారంలో మాత్రం రాయకండి.

మీ ఆయన సంగతి. ఆయనకి మీ నొప్పి కనబడదు, రిపోర్టు కనబడుతుంది. ఆయన ఇంట్లో ఉన్నంతసేపు పళ్ల బిగువున ఓర్చుకుని, ఆగలేక ఒకరోజు అరిచేస్తానని మీరే రాశారు. అంటే ఆయన చూసేది మామూలుగా ఉన్న భార్యని, లేదా అరుస్తున్న భార్యని. మధ్యలో ఉన్నదంతా దాస్తున్నారు. "చాలా నొప్పిగా ఉంది" అనే బదులు "ఇవాళ పదిహేను నిమిషాలే కూర్చోగలను, పెళ్లికి వెళ్తే మధ్యలో లేచి తిరుగుతాను" అని చెప్పి చూడండి. తర్వాతి సారి డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. డిస్కు బొమ్మ ముందు పెట్టుకుని, నరం మానడానికి ఎందుకింతకాలం పడుతుందో డాక్టరు నోటితోనే ఆయన వినాలి. అయినా నమ్మకపోతే అది మీ ఇద్దరి మధ్య వేరే సమస్య, దాన్ని కాలినొప్పితో కలిపి మోయకండి. ఇంకొకటి, రాత్రిళ్లు ఒంటరిగా ఏడుస్తున్నానని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది వారాల తరబడి సాగుతుంటే డాక్టరుకి అదీ చెప్పండి. నొప్పితో బతకడం నేర్పే మానసిక వైద్యులున్నారు. వాళ్ల దగ్గరికి పంపారంటే మీ నొప్పి అబద్ధమని అర్థం కాదు.

మూడు నెలలు గడువు పెట్టుకోండి. మందు ఒక పద్ధతిలో, గడియారం ప్రకారం కూర్చోవడం, నడక, వారానికోసారి గోడ దగ్గర మడమ లెక్క. ఒక నోటు పుస్తకంలో రోజుకి ఒక్క వరస: ఎంతసేపు కూర్చున్నాను, ఎంత నడిచాను, రాత్రి ఎన్నిసార్లు లేచాను. అంతకన్నా రాయకండి, రోజంతా నొప్పిని కొలుస్తూ కూర్చుంటే అదే పెరుగుతుంది. గడువయ్యేసరికి రాత్రి మెలకువలు తగ్గుతుంటే ఆపరేషన్ మాట పక్కన పెట్టి ఇదే సాగించండి. ఏ మార్పూ లేకపోతే ఇంజెక్షన్ గురించి అడగండి. ఆ తర్వాత కూడా స్క్రూల దగ్గరికే మాట వస్తే, ఆ ఆపరేషన్‌తో ఏ సంబంధమూ లేని ఇంకో వెన్ను సర్జన్ అభిప్రాయం తీసుకోండి. వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ నోట్సు, పాత కొత్త ఎమ్మారైలు రెండిటి అసలు ఫిల్ములు, ఆ నోటు పుస్తకం పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఇస్తే చాలదు.